ఎనిమిది వేల చుట్లు

తాతయ్య టెలిఫోనుకు తాళం వేసేవాడు. పోయిన నెల అమ్మానాన్నల సత్తుపల్లి ఇల్లు ఖాళీ చేస్తుంటే పాత దుప్పట్ల కింద ఆ చెక్కపెట్టె దొరికింది. ముందు చిన్న తలుపు, పక్కన వైరు పోవడానికి బొక్క, పైన గొళ్ళెం. వడ్రంగిని ఇంటికి పిలిపించి, పక్కన నిలబడి చేయించుకున్నాడు. ఫోను మోగితే ఇల్లంతా వినిపించేది, ఎత్తాలంటే మాత్రం ఆయన మొలతాడుకున్న తాళంచెవి రావాలి. ఆయన తోటలో ఉన్నప్పుడు అది పెట్టెలోనే మోగి మోగి ఆగిపోయేది. "ఎవరో పాపం, ఏం చెప్పాలనో" అని నాయనమ్మ గడప దగ్గర నిలబడి వినేది. తాతయ్య వచ్చాక ఎన్నిసార్లు మోగింది, ఎంతసేపు మోగింది అని అడిగేవాడు. అవసరమున్నవాళ్ళు మళ్ళీ చేస్తారులే అంటూనే, చేసిందెవరో, ఎందుకు చేశారో అని ఆ సాయంత్రమంతా తేల్చుకోలేక కూర్చునేవాడు.

మా ఊరు దమ్మపేట దాటాక అడవి మొదలయ్యే చోట ఉండేది. నాన్న, అమ్మ సత్తుపల్లిలో ఉద్యోగాలు చేసుకునేవారు. నేను చిన్నప్పటి నుంచీ తాతయ్య, నాయనమ్మల దగ్గరే పెరిగాను. తాతయ్య కుర్రవాడుగా ఉన్నప్పుడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నాడు. ఆ భూమి అంతకుముందు ఎవరిదో మా ఇంట్లో ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. బహుశా అందుకేనేమో, ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒకటి తీసుకుపోతారన్న భయం ఆ ఇంటి గోడల్లోనే ఉండేది. పాలు పోయించుకోగానే నాయనమ్మ గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. కిరసనాయిలు డబ్బా మీద తాతయ్య మేకుతో గీత గీసేవాడు, నూనె ఎంతవరకు ఉందో గుర్తుండాలని. దొడ్డి తలుపు గొళ్ళేనికి నల్ల దారం ఒకటి కట్టి, పొద్దున్నే అది తెగిందా లేదా అని వంగి చూసేవాడు. ఆ దారం తెగగా నేను ఒక్కనాడూ చూడలేదు. అయినా దారం కట్టడం ఆయన మానలేదు. పామాయిల్ గెలల పులిసిన వాసన, సామాన్ల గదిలోంచి వచ్చే పొగాకు ఘాటు, సాయంత్రం ఆరు కాకముందే తలుపులకు అడ్డంగా పడే ఇనుప కమ్మీ చప్పుడు, ఇవే నా చిన్నతనం. ఆ రోజుల్లో మా వైపు ఊళ్ళన్నీ అలాగే ఉండేవి. అడవిలోంచి ఎవరొస్తారో, రోడ్డు మీది నుంచి ఏ జీపు వస్తుందో అని జనం రెండు వైపులా చెవులు పెట్టుకుని బతికేవారు.

సామాన్ల గదిలో, పొగాకు కట్టల వెనకాల, గోనెసంచిలో చుట్టి మధు బాబాయి గిటారు ఉండేది. బాబాయి తాతయ్యకు రెండో కొడుకు. విజయవాడలో ఆర్కెస్ట్రాల్లో వాయించేవాడు. పెళ్ళిలో పాటకచ్చేరి ముగించుకుని వస్తుంటే వాళ్ళ వ్యాను లారీని గుద్దుకోవడంతో పోయాడు. తాతయ్య అది ప్రమాదమని చివరిదాకా నమ్మలేదు. వ్యాను ఎవరు నడిపారు, మిగతావాళ్ళకు దెబ్బలెందుకు తగల్లేదు, వీణ్ణే ముందు సీట్లో ఎవరు కూర్చోమన్నారు అని ఆ వైపు నుంచి వచ్చిన ప్రతివాణ్ణీ అడిగేవాడు. ఎవరో కుర్రాడు బస్సులో తెచ్చి ఇచ్చి వెళ్ళిన ఆ గిటారును చూసి కూడా, "ఇది మావాడిది కాదు, మంచిది ఉంచేసుకుని పనికిరానిది పంపారు" అన్నాడట. అని గదిలో పెట్టి తాళం వేశాడు.

నేను ఖమ్మంలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నా గదిలో ఉన్న అమ్మాయి చర్చిలో గిటారు వాయించేది. ఆమె దగ్గర నాకు కాస్త చెయ్యి తిరిగింది. చదువు అయిపోయి, బీఈడీ సీటు కోసం ఎదురుచూస్తూ ఇంటికొచ్చిన వేసవిలో ఆ గోనెసంచి గుర్తొచ్చింది. నాయనమ్మను అడిగితే, తాతయ్య మధ్యాహ్నం నిద్రపోతున్నప్పుడు మెల్లగా తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. "తీసుకో. ఎలకలు కొట్టేస్తే ఎవరికేం ఒరుగుతుంది? ఆయన్ని నేను చూసుకుంటాలే" అంది.

ఎర్ర గిటారు. అంచుల దగ్గర రంగు నల్లబడింది. దాంతోపాటు చిన్న స్పీకరు పెట్టె కూడా ఉంది. ప్లగ్గు పెట్టి మీట వేస్తే బియ్యం మిల్లు తిరుగుతున్నట్టు గుర్రుమని మోత. తీగ మీటితే ఆ మోత వెనక ఎక్కడో దూరంగా ఒక సన్నని స్వరం. తీగల కింద పికప్పులు అని రెండు నల్లటి బద్దలుంటాయి, తీగ కదలికను పట్టుకుని స్పీకరుకు పంపేవి అవే. రెండింటిలో ఒకటి పూర్తిగా చచ్చిపోయింది, రెండోది చావడానికి సిద్ధంగా ఉంది. ఇంట్లో ఫోను పెట్టెలో ఉంది గనక దమ్మపేట వెళ్ళి ఎస్టీడీ బూత్ నుంచి విజయవాడలో వాయిద్యాలు అమ్మే ఒకాయనతో మాట్లాడాను. వెనక పికప్పు తీసేసి రెండు చుట్టలున్న కొత్తరకం వేసుకో, మోత పోతుంది, లోపలి వైర్లూ కంట్రోళ్ళూ అన్నీ మార్చు, ముందుది మాత్రం పారెయ్యకు, తీగ మళ్ళీ చుట్టించు అన్నాడు. ఫోను పెట్టేసే ముందు ఇంకో మాట కూడా అన్నాడు. "పాతదాంట్లో అయస్కాంతాలు మంచివమ్మా. ఇప్పుడు దొరకవు. ఎవరికిచ్చినా కనిపెట్టుకుని ఉండు, మార్చేస్తారు." ఆ మాట నాకు ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు. నేను పెరిగిన ఇల్లే అలాంటిది.

మా వైపు రాగితీగ చుట్టడం తెలిసినవాళ్ళు మోటారు వైండింగ్ వాళ్ళే. రోడ్డు మీద భద్రమ్మక్క షాపు ఉండేది. కోయవాళ్ళు. షాపు ఆమె భర్త రాములుది. కరెంటు షాకు కొట్టి ఆయన కుడిచేతి వేళ్ళు వంకరపోయాక, ఆయన పొలాల్లో మోటార్లు పైకి లాగించి తెచ్చేవాడు, చుట్టడం ఆమె చేసేది. నలభై ఏళ్ళుంటాయేమో. కళ్ళజోడుకు ఒకవైపు పుల్ల లేక దారం కట్టుకునేది. మా తోట మోటారు కూడా ఆమె చుట్టిందే. తాతయ్య మాత్రం ఆమె చుట్టిన మోటారును ప్రతిసారీ తూకం వేయించి, రాగి తగ్గలేదని చూసుకుని తెచ్చేవాడు.

షాపులో వార్నీషు వాసన, కాలిన తీగల వాసన. ఆమె గిటారు వెనక రేకు విప్పి, ఎండవైపు తిప్పి చాలాసేపు చూసింది.

"మోటారుకు కరెంటిస్తే తిరుగుతది. దీంట్ల తీగ ఊగితే కరెంటు పుడతది. గంతే గదా బుజ్జమ్మా?"

"అంతే అక్కా."

"లోపల యాడనో తెగింది. మళ్ళ చుట్టాలె. తీగ ఎంత సన్నం?"

నేను నా తల వెంట్రుక ఒకటి లాగి చూపించాను. "దీనికంటే సన్నం."

"ఓ నా తల్లీ!" అని నవ్వి, ఆ వెంట్రుకను వేళ్ళ మధ్య నలుపుతూ కూర్చుంది. మొహంలో భయం లేదు. కొత్త పని దొరికిన సంబరం కనిపించింది.

పది రోజుల్లో విజయవాడ నుంచి బస్సు పార్శిల్లో కొత్త పికప్పు, మోత రానివ్వని షీల్డు వైరు, కంట్రోళ్ళు, ఒక చిన్న రీలు సన్న తీగ వచ్చాయి. అన్నీ ఆమెకిస్తూ కాగితం మీద రాసుకున్నాను. గిటారుకు ఎన్ని స్క్రూలున్నాయో కూడా ఆమె ముందే లెక్కపెట్టాను. పదకొండు. ఆమె చూసింది. ఒక ఖాళీ అగ్గిపెట్టె తీసి, స్క్రూలు అందులో వేసి, నాకు కనిపించేలా పై అరలో పెట్టింది. అప్పుడు నాకు సిగ్గనిపించలేదు, జాగ్రత్తగా ఉన్నాననిపించింది.

తర్వాతి వారం ఒకరోజు నేను చెప్పకుండా వెళ్ళాను. ఆమె బల్ల మీద వంగి, చిన్న లెక్కల మిషను, అదే కాలిక్యులేటరు, వెనక భాగం విప్పి దానికి రెండు వైర్లు అతికిస్తోంది. నన్ను చూడగానే దాని మీద గుడ్డ కప్పేసింది. గిటారు గోడకు వేలాడుతోంది. లోపల గుంటకు వెండి కాగితం అంటించి ఉంది. పాత పికప్పు మాత్రం కనిపించలేదు.

"పాతది ఏదక్కా?"

"ఇంటికాడ ఉంది."

"ఇంటి దగ్గర ఎందుకు?"

"ఈడ లారీ పోతే బల్ల అదురుతది. తీగ పుటుక్కున తెగుతది. ఇంటికాడ కుట్టుమిషను ఉంది, దాని చక్రంతోని చుడుతున్న."

"చూడొచ్చా?"

"రేపు తెస్త."

మర్నాడు తేలేదు. ఇంకా కాలేదంది. గుడ్డ కింద ఏముందని అడిగితే, "ఏం లేదు, ఉత్తగ" అంది. ఇంటికి వస్తూ దారంతా లెక్కలు వేసుకున్నాను. అయస్కాంతాలు మార్చేసి ఉంటుంది. లేకపోతే గూడెంలోని వాళ్ళింటి దాకా తీసుకుపోవడం ఎందుకు? మరి ఆ కాలిక్యులేటరుకు వైర్లెందుకు? ఆమె తమ్ముడొకడు ఊరు వదిలి రెండేళ్ళయింది. బోరు బండి మీద పనికి పోయాడని ఆమె చెప్పేది, లోపలివాళ్ళలో, అదే అడవిలోని నక్సలైట్లలో, కలిశాడని ఊళ్ళో గుసగుసలాడుకునేవారు. నాకు ఇంతకుముందు ఎప్పుడూ పట్టని ఆ మాట ఆ సాయంత్రం గుర్తొచ్చింది. కోపంతో నాలుగు రోజులు షాపు వైపు వెళ్ళలేదు.

ఆ నాలుగు రోజుల్లోనే ఒకనాడు, అన్నాలు తింటున్నప్పుడు, తాతయ్య ముందు నోరు జారాను. గిటారు సంగతి ఆయనకు అప్పటికి తెలిసిపోయింది. నాయనమ్మ మాట కాదనలేక మూతి ముడుచుకుని ఊరుకున్నాడు. "ఎంతవరకొచ్చింది నీ బాగుచేయించడం?" అని వెటకారంగా అడిగితే ఉక్రోషం వచ్చింది.

"సామానంతా గూడేనికి తీసుకుపోయింది తాతయ్యా. అడిగితే చూపించట్లేదు."

ఆయన ముద్ద ఆపాడు. "ఏం సామాను?"

"తీగ, అయస్కాంతాలు. ఒక కాలిక్యులేటరుకి వైర్లు కూడా అతికిస్తోంది. నన్ను చూసి కప్పేసింది."

"బ్యాటరీ ఏమన్నా ఉందా?"

"ఉండే ఉంటుంది."

"ఆవిడ తమ్ముడెక్కడున్నాడు?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు ఆయనకు అక్కర్లేదు. పెరుగు కూడా వేసుకోకుండా చెయ్యి కడుక్కున్నాడు. తెల్లవారి నేను ముగ్గు వేస్తుంటే లోపల టెలిఫోను పెట్టె తాళం తీసిన చప్పుడు వినిపించింది. తాతయ్య గొంతు తగ్గించి ఎవరితోనో మాట్లాడాడు. ఏం మాట్లాడాడో వినపడలేదు. వినపడకపోయినా నాకు తెలుసు. ముగ్గు చిప్ప పట్టుకుని అక్కడే నిలబడ్డాను. లోపలికి వెళ్ళి, నేనన్నది ఉత్త అనుమానమే తాతయ్యా అని ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. నిజంగానే ఏదైనా ఉంటే బయటపడుతుంది కదా అనుకున్నాను.

మర్నాడు పాలు పోసే ఆమె వార్త తెచ్చింది. పోలీసులు గూడేనికొచ్చి భద్రమ్మ ఇల్లు సోదా చేసి, ఏవో వైర్ల సామాను దొరికిందని ఆమెను తీసుకుపోయారు. సాయంత్రం పంపి, మళ్ళీ పొద్దున్నే రమ్మన్నారు. తాతయ్య పేపరు మీది నుంచి తల ఎత్తలేదు. నాయనమ్మ పాలగిన్నె పట్టుకుని, ఈసారి వాసన చూడటం మర్చిపోయి, నా మొహంలోకి చూసింది.

"నువ్వేమన్నా అన్నావా?"

నేను తాతయ్య వైపు చూశాను.

"చీర మార్చుకొస్తాను. నువ్వా స్పీకరు పెట్టె తియ్యి, దారిలో గిటారు తీసుకుందాం" అంది. తాతయ్య "మనకెందుకే ఆ గొడవ" అంటే, గుమ్మంలో ఆగి, "గిటారు మనవాడిది. మనకెందుకు కాదు?" అని మాత్రం అంది. యాభై ఏళ్ళ కాపురంలో ఆమె ఆయనకు ఎదురుచెప్పగా నేను చూడటం అదే మొదలు.

ఆటో మాట్లాడుకుని ముందు షాపుకు వెళ్ళాం. రాములన్న మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, గోడ మీది గిటారు తీసి ఇచ్చాడు. "అయిపోయింది బుజ్జమ్మా, నాలుగొద్దులాయె. నువ్వొస్తవని రోజూ చూసింది" అన్నాడు. కొత్త పికప్పు బిగించి ఉంది. పై అరలోని అగ్గిపెట్టె ఖాళీగా ఉంది. పదకొండు స్క్రూలూ గిటారుకే ఉన్నాయి. నా చేతులు వాటిని లెక్కపెట్టేశాయి, అప్పుడు కూడా.

స్టేషన్ పేరు రాయను. ఆ వైపు స్టేషన్లన్నీ ఆ రోజుల్లో ఒకేలా ఉండేవి, ముందు ఇసుక బస్తాలు, ముళ్ళ కంచె. ఎస్సై కుర్రవాడే. నిద్ర లేని కళ్ళు. బల్ల మీద కాలిక్యులేటరు, తీగ రీలు, మీటరు, చిన్న బ్యాటరీ వరుసగా పెట్టి ఉన్నాయి. వాటి పక్కన తెల్ల గుడ్డలో పాత పికప్పు. దాని టేపును ఎవరో బ్లేడుతో కోశారు. చుట్టిన తీగ తెగి, సాలెపురుగు గూడులా రేగిపోయి ఉంది. దాని పక్కనే ప్లాస్టిక్ సంచిలో బాబాయి కాలంనాటి పాత తీగ, విప్పిన ముక్క విప్పినట్టే దాచింది. నేను అడుగుతానని తెలిసే దాచి ఉంటుంది. అయస్కాంతాలు ఆరూ పికప్పులోనే ఉన్నాయి, బాబాయి చేతి చెమటకు తుప్పు పట్టిన పైభాగాలతో సహా. భద్రమ్మక్క గోడ దగ్గర నేల మీద కూర్చుని ఉంది. కళ్ళజోడు చేతిలో ఉంది, దారం తెగింది.

నాయనమ్మ కుర్చీలో కూర్చోకుండా నిలబడే చెప్పింది. "బాబూ, ఇది చచ్చిపోయిన మా పిల్లాడిది. బాగుచేయమని మేమే ఇచ్చాం. తీగ కూడా మా పిల్లే విజయవాడ నుంచి తెప్పించింది."

ఎస్సై నా వైపు తిరిగాడు. "ఇవన్నీ గిటారుకేనా? మరి ఇదేంది?" అని కాలిక్యులేటరు చూపించాడు.

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. గదిలో అందరూ భద్రమ్మక్క వైపు చూశారు.

"కూడుతది సారూ" అంది ఆమె. లేచి వచ్చి, రెండు వైర్ల కొసలు ఒకదానికొకటి తాకించింది. బల్ల దగ్గరున్న కానిస్టేబులు రెండడుగులు వెనక్కి వేశాడు. కాలిక్యులేటరు మీద ఒకటి పడింది. మళ్ళీ తాకించింది. రెండు. మూడు. "చక్రం ఒకసారి తిరిగితే ఒకటి. ఎనిమిది వేల చుట్లు సారూ. నోటితోని లెక్కపెడితే తప్పుతది. అందుకని గిట్ల చేసిన."

"మరి ఈ పిల్లను చూసి ఎందుకు దాచినవ్?" అన్నాడు ఎస్సై.

ఆ ప్రశ్న ఆయనకు ఎవరు అందించారో ఆమెకు ఆ క్షణంలోనే తెలిసిపోయి ఉండాలి. అప్పుడు షాపులో ఉన్నది మేమిద్దరమే. నా వైపు చూడకుండానే జవాబిచ్చింది. "పనిచేస్తదో లేదో తెల్వదు. సదువుకున్న పిల్ల, నవ్వుతదని కప్పిన."

ఎస్సై వైర్లు తన చేతిలోకి తీసుకుని తాకించి చూశాడు. నాలుగు, ఐదు, ఆరు. తర్వాత తమ్ముడి గురించి అడిగాడు. "బోరు బండి మీద పోయిండు సారూ. ఛత్తీస్‌గఢ్ దిక్కు" అంది. ఆ మాట కాగితం మీద రాయించాడు. పెన్ను కదులుతుంటే ఆమె కళ్ళు ఆ పెన్ను వెంటే వెళ్ళాయి. "సరే, వాయించు చూద్దాం" అన్నాడు చివరికి నాతో.

స్పీకరు పెట్టెకు ప్లగ్గు పెట్టాను. మీట వేశాను. ఏ చప్పుడూ లేదు. పాడైందేమో అనుకున్నాను. బయట ఎవరిదో సైకిలు బెల్లు, పైన ఫ్యాను కిర్రుకిర్రు అన్నీ వినపడుతున్నాయి. అప్పుడు తీగ మీటాను. స్వరం నిండుగా, శుభ్రంగా వచ్చింది. మిల్లు మోత ఏమీ లేదు. మీటడం ఆపితే మళ్ళీ నిశ్శబ్దం. బాబాయి బతికున్నప్పుడు కూడా ఆ గిటారు అంత నిశ్శబ్దంగా ఉండి ఉండదు. ఆ వెండి కాగితం, ఆ షీల్డు వైరు, ఒక్కో అతుకూ ఎంత శ్రద్ధగా పెట్టిందో ఆ స్టేషన్లో నిలబడి విన్నాను. నాకు తెలిసిన నాలుగు గిటారు కార్డులు వాయించాను. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎస్సై సామాను ఇచ్చెయ్యమన్నాడు. కాలిక్యులేటరు మాత్రం పైవాళ్ళకు చూపించాలని ఉంచేసుకున్నారు. అది తిరిగి రాలేదు. తమ్ముడి పేరు రాసిన కాగితం కూడా అక్కడే ఉండిపోయింది. తర్వాతి వేసవిలో వాడు బోరు లారీ మీదే దిగాడు, ఒంటినిండా గ్రీజుతో. దాంతో ఊళ్ళో గుసగుసలు ఆగాయి. అయినా ఎప్పుడు ఏ గొడవ జరిగినా ముందు ఆ ఇంటికే జీపు వెళ్ళేది.

మూడు రోజుల తర్వాత భద్రమ్మక్క రాములన్నతో కబురు పంపింది, పాతది మళ్ళీ చుట్టాలి, లెక్కల మిషను లేదు, నువ్వొచ్చి లెక్కపెట్టమని. గూడెంలోకి నేను వెళ్ళడం అదే మొదటిసారి. పొలం గట్టు మీద నిలబడితే కనపడేంత దూరం, ఇరవై ఏళ్ళు అక్కడే ఉండి ఎప్పుడూ వెళ్ళలేదు. వాకిట్లో ఇప్పపువ్వు ఎండబోసి ఉంది, మత్తుగా తియ్యటి వాసన. పంచలో కుట్టుమిషను. సూది ఉండే వైపు విప్పేసి, చక్రానికి పికప్పు బద్దను బిగించింది. ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేతి వేళ్ళ మధ్య నుంచి తీగను వదిలేది. తీగ కనిపించేది కాదు, ఎండ పడ్డప్పుడు ఒక మెరుపు మాత్రం కనిపించేది. నేను పక్కన చాప మీద కూర్చుని పైకి లెక్కపెట్టాను. వంద కాగానే చింతగింజ ఒకటి పక్కన పెట్టేదాన్ని. మొదటిరోజు రెండు వేలు దాటగానే తెగింది. ఆమె మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. గూడెం ఆడవాళ్ళు వచ్చి గోడవార కూర్చుని, వాళ్ళ భాషలో ఏదో అనుకుని, నా వైపు చూసేవారు. నా గురించేనని తెలిసేది, ఏమంటున్నారో తెలిసేది కాదు. మేము వాళ్ళ గురించి మా ఇంట్లో ఎలా మాట్లాడుకునేవాళ్ళమో గుర్తొచ్చి చెవులు వేడెక్కేవి.

మూడో రోజు మధ్యాహ్నం, ఆరు వేలు దాటాక, ఎక్కడో లెక్క తప్పాను. గింజ పెట్టానో లేదో గుర్తు రాలేదు. చెబితే మళ్ళీ మొదటికి వస్తుందని భయమేసింది. నోటికొచ్చిన అంకె ఒకటి అందుకుని లెక్క కొనసాగించాను. ఆమె చక్రం ఆపి, "ఎంతయింది?" అంది. చెప్పాను. "సరే, నువ్వు చెప్పిందే లెక్క" అని మళ్ళీ తిప్పబోయింది. అప్పుడు నా వల్ల కాలేదు.

"అక్కా, తప్పాను. అబద్ధం చెప్పాను."

ఆమె చెయ్యి చక్రం మీదే ఉంది.

"ఆ రోజు తాతయ్యకు చెప్పింది కూడా నేనే."

"ఎరికే" అంది. "ఆడ స్టేషన్లనే ఎరికైంది."

"మరి నన్నెందుకు పిలిచావు? ఇప్పుడీ లెక్క తప్పితే ఎలా?"

ఆమె బుట్టలోంచి మీటరు తీసి, దాని రెండు మొనలు తీగ కొసలకు ఆనించింది. ముల్లు కదిలింది. "ఎంత తీగ పడ్డదో ఇది చెప్తది. నీ లెక్క లేకున్నా నడుస్తది బుజ్జమ్మా. గీ తీగ ఎంత, యాడ కూసున్నం, ఏం చుట్టినం, అన్నీ నీ కండ్లతోని చూసినవ్. రేపు ఎవలన్న అడిగితే, మీ తాత అడిగినా, పోలీసోళ్ళడిగినా, నువ్వు చెప్తవ్. అందుకు పిలిచిన."

కోపంగా అనలేదు. తోట మోటారుకు ఎంత తీగ కావాలో చెప్పినట్టే చెప్పింది. నన్ను శిక్షించడానికో క్షమించడానికో పిలిచిందని మూడు రోజులుగా అనుకుంటున్నాను. రెండూ కావు. నా మాటకు ఆ ఊళ్ళో విలువ ఉంది, ఆమె మాటకు లేదు. అందుకని నన్ను సాక్షిగా కూర్చోబెట్టుకుంది. మిగతా చుట్లు లెక్కపెట్టడం మాని చూశాను. సాయంత్రానికి పికప్పు పూర్తయింది. గిటారుకు బిగిస్తే, ముందు పికప్పు స్వరం వెనకదానికంటే మెత్తగా, బాగుంది. తాతయ్య నెల తర్వాత ఒకరోజు, అరుగు మీద కూర్చుని, లోపల నేను వాయిస్తుంటే విన్నాడు. "మావాడిదే" అన్నాడు. ఆ ఒక్క విషయంలో ఆయన అనుమానం తీరింది.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఎనిమిదో అంతస్తులో ఉంటున్నాను. మా గుమ్మం మీద కెమెరా ఉంది. ఎవరు బెల్లు కొట్టారో ఆఫీసులో కూర్చుని ఫోనులో చూడగలను. తాతయ్య చూస్తే మురిసిపోయేవాడు. గొళ్ళేనికి నల్ల దారం కట్టి వంగి చూసుకునేది ఆయనొక్కడే అని అప్పట్లో నవ్వుకునేదాన్ని. ఇప్పుడు మా భవనంలో రెండు వందల ఇళ్ళవాళ్ళం అదే పని చేస్తున్నాం, వంగక్కర్లేకుండా. కింద గేటు దగ్గర పనిచేసేవాళ్ళు వెళ్ళేటప్పుడు సంచులు తెరిచి చూపించాలని కమిటీవాళ్ళు నియమం పెట్టినప్పుడు నేను మీటింగులోనే ఉన్నాను. వద్దని చెప్పాలని చెయ్యి ఎత్తబోయాను. ఎత్తలేదు.

గిటారు బాగుచేసిన ఆ ఏడాది వానలు పడ్డాక మా తోట మోటారు స్టార్టరు కాలిపోతే భద్రమ్మక్క ఇంటికొచ్చి బాగుచేసింది. పని అయ్యాక నాయనమ్మ మజ్జిగ ఇచ్చింది, తాగింది. వెళ్ళేముందు అరుగు మీద కూర్చుని, ఎవరూ అడక్కుండానే, తన సంచి విప్పి సామానంతా ఒక్కొక్కటిగా బయట పరిచింది. పట్టకారు, టెస్టరు, టేపు చుట్ట, దువ్వెన, ఖాళీ అన్నం డబ్బా. డబ్బా మూత కూడా తీసి వంచి చూపించింది. "అయ్యో, ఇదేంటమ్మా, ఎవరడిగారు?" అంది నాయనమ్మ. "ఉండనీ అమ్మా, చూడుర్రి" అంది ఆమె. అంతకుముందు ఎన్నేళ్ళు వచ్చినా ఎప్పుడూ అలా చేయలేదు. ఆ తర్వాత ఎప్పుడొచ్చినా చేయకుండా వెళ్ళలేదు. తాతయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. చూడకూడదని నేను కూడా అనుకున్నాను. అనుకుంటూనే గుమ్మంలో నిలబడి, ఆమె ఒక్కొక్కటి మళ్ళీ సంచిలో పెట్టుకునేదాకా, అన్నీ చూశాను.